అమ్మానాన్నలతో ఆర్‌వీలో: జాయన్ నుంచి గ్రాండ్ కాన్యన్ దాకా

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను అమెరికాలో దూరం తీసుకెళ్లాలంటే మాకు ముందు గుర్తొచ్చేది బాత్‌రూమ్ సంగతి. నాన్నకు షుగరు. గంటన్నరకోసారి బండి ఆపాలి. యూటా ఎడారిలో కొన్నిచోట్ల ఎంత దూరం పోయినా పెట్రోల్ బంకు కనపడదు. అమ్మ మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చకపోతే సాయంత్రానికి కాళ్లు వాచిపోతాయి. ఇద్దరికీ రెండు పూటలా అన్నం ఉండాలి, అదీ ఇంట్లో వండింది. కారులో తిప్పి, రాత్రికో హోటల్లో దించితే వీటిలో ఒక్కటీ సరిగ్గా కుదరదు. చూసిన చోట్లు బాగున్నాయని చెప్తూనే ఇంటికొచ్చాక రెండు రోజులు మంచం దిగరు.

అందుకే 2025 మే మొదట్లో ఆర్‌వీ, అంటే పడకలు, వంటగది, బాత్‌రూమ్ అన్నీ లోపలే ఉన్న బండి, అద్దెకు తీసుకున్నాం. మేముండే డాలస్ నుంచి లాస్ వేగస్‌కు విమానంలో వెళ్లి, అక్కడ బండి తీసుకుని యూటాలోని జాయన్, బ్రైస్ కాన్యన్ పార్కులు, అరిజోనాలోని పేజ్ ఊరు, గ్రాండ్ కాన్యన్ చుట్టి, మళ్లీ వేగస్‌లో అప్పజెప్పాలని ప్లాన్. మా స్నేహితుల్లో చాలామందికి ఈ కోరిక ఉంది. అంత పెద్ద బండి నడపగలమా, ఆ మురుగు ట్యాంకుల పని మనవల్ల అవుతుందా అని ఆగిపోతున్నారు. పెద్దవాళ్లు వచ్చినప్పుడు ఇంతకన్నా మంచి పద్ధతి లేదని నా గట్టి అభిప్రాయం. పని ఉంటుంది, నిజమే. ఏం పని ఉంటుందో దాచకుండా రాస్తాను.

నాన్న మాచర్ల డిపోలో ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఈ ప్రయాణంలో స్టీరింగ్ నేనూ మా ఆయనా పట్టుకున్నా, బండి మంచిచెడ్డలన్నీ ఆయనే చూసుకున్నారు.

మొదటి రోజు: లాస్ వేగస్ నుంచి జాయన్

ఆర్‌వీల్లో క్లాస్ ఏ అంటే పెద్ద బస్సంత ఉంటుంది. క్లాస్ బి అంటే వ్యాన్‌నే ఇల్లుగా మార్చింది. మేం తీసుకున్నది మధ్యరకం, క్లాస్ సి. ముందు భాగం ఫోర్డ్ ఈ-450 ట్రక్కు, దాని వెనక గది. పొడవు 25 అడుగులు, ఎత్తు 12. వెనక అమ్మానాన్నలకు పెద్ద మంచం, డ్రైవరు సీటు పైన ఉన్న పడక మా బాబుకు, రాత్రిళ్లు మడిచి పరుచుకునే డైనింగ్ టేబులు మాకు. గ్యాస్ స్టవ్, ఫ్రిజ్, సింకు, టాయ్‌లెట్, నిలబడి స్నానం చేసేంత జాగా. నడపడానికి మామూలు కారు లైసెన్సు చాలు.

బండి అప్పగించేటప్పుడు ఒకతను గంటసేపు అన్నీ చూపించాడు. మా ఆయన అదంతా ఫోన్‌లో వీడియో తీశారు. ఏ వాల్వు ఎటు తిప్పాలో రాత్రిపూట చీకట్లో గుర్తు రాదు, అందుకని ఇది అందరూ చేయాల్సిన పని. అతను లోపల స్విచ్చులు చూపిస్తుంటే నాన్న బయట టైర్ల చుట్టూ తిరిగారు. వెనక జంట టైర్లు. "లోపలి దాంట్లో గాలి పోతే బయటికి తెలవదమ్మా, దాన్ని కూడా కొలవమను" అన్నారు. అతను ఆరు టైర్లూ కొలిచి చూపించాకే సంతకం పెట్టాం.

లోపల మూడు ట్యాంకులు. ఒకటి మంచినీళ్లది, మా బండిలో 40 గ్యాలన్లు, అంటే 150 లీటర్లు. రెండోది గ్రే ట్యాంకు, సింకు, స్నానం నీళ్లు పోయేది. మూడోది బ్లాక్ ట్యాంకు, టాయ్‌లెట్‌ది. వంటకు, వేడినీళ్లకు, గది వెచ్చదనానికి ప్రొపేన్ గ్యాస్. లైట్లకు, నీళ్ల పంపుకు బ్యాటరీ. ఏసీ, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ కావాలంటే మాత్రం ఇలాంటి బండ్లు రాత్రికి నిలుపుకునే క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు తగిలించుకోవాలి, లేదా జనరేటర్ వేయాలి. మామూలుగా ఇచ్చే లైను 30 ఆంపియర్లది. ఇక్కడి 120 వోల్టుల మీద 3,600 వాట్లు వస్తుంది. ఏసీ నడుస్తుండగా రైస్ కుక్కరూ మైక్రోవేవూ కలిపి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. అద్దె మీద మైలుకింత, జనరేటర్ గంటకింత విడిగా వేస్తారు. గిన్నెలు, దుప్పట్లు కూడా డబ్బులకిస్తారు. మేం ఇంటి నుంచే కుక్కరు, పెనం, పోపు గరిటె తెచ్చుకున్నాం. బియ్యం, కందిపప్పు, కూరగాయలు వేగస్‌లో ఇండియన్ కొట్టులో కొన్నాం. గోంగూర పచ్చడి, కందిపొడి, కారప్పొడి అమ్మ మాచర్ల నుంచి తెచ్చినవే.

బండి కదిలాక ఎవరూ సీటులోంచి లేవకూడదు, బెల్టు పెట్టుకోవాల్సిందే. కానీ నాన్న ఎప్పుడు అడిగితే అప్పుడు రోడ్డు పక్కన జాగా చూసి ఆపడం, ఆయన నాలుగడుగులు వెనక్కి వెళ్లి రావడం, అంతే. ఇన్నేళ్లుగా ఆయన ప్రయాణమంటే పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేసేవారు. ఈసారి చక్కగా తాగారు. ఆర్‌వీ తీసుకున్నందుకు నాకు అన్నిటికన్నా ఎక్కువ తృప్తినిచ్చింది ఇదే.

పెద్ద బండికి మొదటి పాఠం తోక సంగతి. వెనక చక్రాల తర్వాత చాలా భాగం బయటికి ఉంటుంది. కుడికి తిప్పితే ఆ తోక ఎడమకు విసురుతుంది. పెట్రోల్ బంకులో పంపు పక్కనుంచి వెంటనే తిప్పితే గుద్దుకుంటుంది. నాన్న నా పక్క సీట్లో కూర్చుని, "ముందుకు పోనీ, ఇంకా పోనీ, ఇప్పుడు కొయ్యి" అంటూ మొదటి గంటంతా చెప్తూనే ఉన్నారు. 12 అడుగుల ఎత్తు అని పెద్ద అక్షరాలతో కాగితం రాసి అద్దం దగ్గర అంటించాం. బంకుల కప్పులు, డ్రైవ్‌-త్రూల దగ్గర అది చూసుకోకుండా దూరకూడదు.

వేగస్ నుంచి జాయన్ 160 మైళ్లు. నెవాడా దాటి, అరిజోనా మూల కోసుకుంటూ వర్జిన్ నది లోయలోంచి యూటాలోకి ఎక్కుతాం. యూటాలో గడియారం గంట ముందుకు పోతుంది, బయల్దేరేటప్పుడే ఆ గంట తీసేసుకుని లెక్క వేసుకోవాలి. మైలేజి గ్యాలన్‌కు 9 మైళ్ల దాకా వచ్చింది. నాన్న దాన్ని లీటర్లలోకి మార్చి, "నాలుక్కూడా రావట్లా. మా బస్సు యాభైమందిని ఎక్కించుకుని అయిదు ఇచ్చేది" అన్నారు.

జాయన్ పార్కులోనే వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు ఉన్న సైటు, అంటే బండి నిలుపుకునే జాగా, ఆరు నెలల ముందే బుక్ చేసి పెట్టాం. రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో బుకింగ్ ఆరు నెలల ముందు తెరుస్తారు, తెరిచిన నిమిషాల్లో అయిపోతాయి. ఇక్కడ సైటు దగ్గర కరెంటు మాత్రమే, నీళ్లూ మురుగు లైనూ ఉండవు. జనరేటర్ అసలు వేయనివ్వరు.

సైటులో నిలిపాక బండిని సమంగా చేయడం ముఖ్యం. పల్లంగా ఉన్న వైపు చక్రాల కింద ప్లాస్టిక్ దిమ్మలు పెట్టి ఎక్కించాలి. మంచం వాలుగా ఉండకూడదనే కాదు, మా బండిలోలా గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ ఉంటే ఎక్కువ వాలుగా నిలిపినప్పుడు చల్లబరచదు. అందులో నాన్న ఇన్సులిన్ ఉంది. అందుకని నాన్న నీళ్ల గ్లాసు టేబులు మీద పెట్టి చూసి, రెండుసార్లు దిమ్మలు మార్పించారు.

రెండో రోజు: జాయన్

రోజంతా బండి తీయలేదు. షటిల్ నడిచే నెలల్లో లోయలోపలికి సొంత బండ్లను రానివ్వరు. క్యాంప్‌గ్రౌండ్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో షటిల్ స్టాపు. 2000 నుంచి నడుస్తున్న ఈ ఉచిత బస్సులు 2024కి పూర్తిగా ఎలక్ట్రిక్ అయ్యాయి. నాన్న డ్రైవరు వెనక సీటు పట్టుకుని కూర్చున్నారు. రెండు వేల అడుగుల ఎర్రరాతి గోడలు రెండువైపులా లేస్తుంటే వాటిని చూస్తూనే, బ్రేకు నొక్కినప్పుడు బస్సు ఎలా ఆగుతోందో కూడా గమనించారు. చప్పుడు లేని బస్సు ఆయనకు బాగా నచ్చింది.

చివరి స్టాపులో దిగితే నది వెంట రివర్‌సైడ్ వాక్ అనే దారి ఉంది. దాదాపు సమతలం, అమ్మ ఆగుతూ ఆగుతూ హాయిగా నడిచింది. పదకొండున్నరకల్లా వెనక్కి వచ్చేశాం. నేను అన్నం వార్చి చారు పెట్టేలోపు అమ్మ తన మంచంలో కునుకు తీసింది. ఎండ తగ్గాక మళ్లీ పారస్ ట్రెయిల్ మీద అందరం నడిచాం. నదికి ఒరుసుకుంటూ పోయే తారుదారి అది, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. హోటల్లో దిగి ఉంటే ఆ మధ్యాహ్నపు కునుకు ఉండేది కాదు, సాయంత్రపు నడకా ఉండేది కాదు.

ఇక వంట. బండిలో పోపు పెడితే పొగ అలారం మోగుతుంది. ఎండుమిరపకాయలు వేగిన ఘాటుకు చిన్న గదిలో అందరికీ దగ్గు. పైకప్పులోని వెంట్ తెరిచి ఫ్యాన్ వేసినా చాలదు. ప్రతి సైటులో ఒక చెక్క బల్ల ఉంటుంది. చిన్న క్యాంపు స్టవ్ కొనుక్కుని పోపులు, వేపుళ్లు, దోసెలు ఆ బల్ల మీదే వేసుకోవాలి. వండింది వండినట్టు లోపల పెట్టేయాలి, జింకలు, ఉడతలు వదలవు. గిన్నెలు కడిగే ముందు నూనె, మెతుకులు కాగితంతో తుడిచి చెత్తలో వేయాలి. లేకపోతే రెండో రోజుకే గ్రే ట్యాంకు వాసన వస్తుంది.

నీళ్ల దగ్గర మాత్రం మన అలవాట్లు బాగా కలిసొచ్చాయి. వేడినీళ్ల ట్యాంకు 6 గ్యాలన్లే, షవర్ తెరిచి నిలబడితే అయిదు నిమిషాల్లో ఖాళీ. అమ్మానాన్నలు చిన్న బకెట్‌లో పట్టుకుని మగ్గుతో పోసుకున్నారు. ఒక్కొక్కరికి పది లీటర్లు సరిపోయాయి. టాయ్‌లెట్‌లోనూ మగ్గే. బ్లాక్ ట్యాంకు కొంచెం తొందరగా నిండుతుంది కానీ నీళ్లు ఎక్కువ పడితేనే అది సాఫీగా ఖాళీ అవుతుంది. కాగితం వాడేవాళ్లు మటుకు ఆర్‌వీల కోసం చేసిన, నీళ్లలో కరిగిపోయే రకమే వాడాలి.

మూడో రోజు: సొరంగం దాటి బ్రైస్‌కి

జాయన్ నుంచి తూర్పుకు పోయే దారిలో 1930లో పూర్తయిన సొరంగం ఉంది. పొడవు 1.1 మైలు. ఎత్తు 11 అడుగుల 4 అంగుళాలు దాటిన బండి తన వైపు లేనులో పట్టదు, పైన గోడ వంపు తగులుతుంది. అందుకని 15 డాలర్లు కట్టించుకుని, ఎదురు బండ్లను ఆపి, మనల్ని సొరంగం నడిమధ్యలోంచి పంపారు. మా ఆయన నడిపారు. లోపల దీపాలు ఉండవు. కొండ తొలిచి పెట్టిన కిటికీల్లోంచి అక్కడక్కడా వెలుగు పడుతుంది. బయటికి రాగానే నాన్న, "ఎదురు బండి రాకుండా వాళ్లే ఆపి పంపిస్తుంటే ఇంక డ్రైవరుకి టెన్షన్ ఏముంది" అన్నారు.

అయితే ఈ దారిలో పెద్ద బండ్లను 2026 మధ్య నుంచి పంపబోమని పార్కు ప్రకటించింది. మాలాంటి 12 అడుగుల బండి కూడా ఆ లెక్కలోకి వస్తుంది. ఇకపై వెళ్లేవాళ్లు హరికేన్ ఊరి మీదుగా చుట్టు తిరిగి పోయేలా రోజును లెక్కవేసుకోండి.

బ్రైస్‌కు 85 మైళ్లే కానీ ఎక్కుడు దారి. ఎనిమిది వేల అడుగులకు చేరతాం. మే నెల అయినా పైన్ చెట్ల నీడల్లో ఇంకా మంచు కుప్పలున్నాయి. నార్త్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు, నీళ్లు ఏవీ తగిలించుకునే వీలు లేదు. దీన్నే డ్రై క్యాంపింగ్ అంటారు. బండిలో ఉన్నదాంతోనే గడపాలి.

ఇక్కడే ఆర్‌వీ అసలు లెక్క అర్థమైంది. గది వెచ్చబెట్టే హీటర్ గ్యాస్‌తో మండినా, ఆ వేడిగాలిని తోసే ఫ్యాన్ బ్యాటరీ మీద తిరుగుతుంది. గ్యాస్ నిండుగా ఉన్నా అర్ధరాత్రి బ్యాటరీ పడుకుంటే చలే. రాత్రిపూట జనరేటర్ వేయకూడదు, పగలు నిర్ణయించిన గంటల్లోనే వేసుకోవాలి. అందుకని సాయంత్రం గడువు ముగిసేలోపు జనరేటర్ నడిపి బ్యాటరీ నింపాం. ఫోన్‌లన్నీ అప్పుడే చార్జింగ్ పెట్టాం. హీటర్‌ను తక్కువలో ఉంచి అందరికీ రగ్గులు ఇచ్చాం. ఒక్క లైటు కూడా అనవసరంగా వెలగలేదు. మా బాబు గోడ మీది మీటరు చూసి బ్యాటరీ ఎంత, నీళ్లు ఎంత అని గంట గంటకూ అందరికీ చెప్పే పని తీసుకున్నాడు. ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా కుళాయి కట్టని పిల్లవాడు పళ్లు తోముకుంటూ నీళ్లు ఆపడం చూసి నాకు చాలా ఆనందమేసింది.

ఆ ఎత్తులో నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మూత గిన్నెలో అన్నం ఎంతసేపు పెట్టినా పలుకు పోదు. కుక్కరు తప్పనిసరి. అమ్మ పప్పుకు ఇంకో రెండు విజిల్స్ ఎక్కువ రానిచ్చి, మంట కట్టేసి చాలాసేపు మూత తీయలేదు. మెత్తగా ఉడికింది. టమాటా పప్పు, అప్పడాలు, గోంగూర పచ్చడి. బయట బల్ల దగ్గర చలికి వణుకుతూ తినడం ఎందుకని అయిదుగురం లోపలే ఇరుక్కుని తిన్నాం.

తొమ్మిదిన్నరకు కోట్లు వేసుకుని బయటికొచ్చాం. 2019లో బ్రైస్‌కు అంతర్జాతీయ డార్క్ స్కై పార్కు అనే గుర్తింపు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల వెలుతురు లేదు. సప్తర్షి మండలం నడినెత్తిన ఉంది. వసిష్ఠుడి పక్కన అరుంధతి విడిగా, స్పష్టంగా కనపడింది. "పెళ్లిలో పట్టపగలు చూపించి కనపడిందా అంటే కనపడిందన్నా. నిజంగా చూడటం ఇదే" అంది అమ్మ. శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆమె ఇంత నిదానంగా ఆకాశం చూసింది ఇప్పుడే. మెడ నొప్పి పుట్టేదాకా కుర్చీలో వెనక్కి వాలి చూస్తూనే ఉంది.

నాలుగో రోజు: బ్రైస్

పొద్దున కిటికీ అద్దాల మీద మంచు. పక్క సైటువాళ్ల బకెట్‌లో నీళ్లు గడ్డకట్టాయి. బ్రైస్‌లోని రాతి స్తంభాలను, వాటినే హూడూలంటారు, చెక్కింది ఈ చలే. పగలు కరిగిన మంచునీరు రాతి పగుళ్లలో దిగుతుంది, రాత్రి గడ్డకట్టి ఉబ్బి రాతిని చీలుస్తుంది. ఏడాదిలో దాదాపు సగం రోజులు ఇలా కరగడం, గడ్డకట్టడం జరుగుతాయి. ఆర్‌వీ గొట్టానికీ ఇదే ప్రమాదం. చలి చోట్ల నీళ్ల గొట్టాన్ని రాత్రంతా తగిలించి ఉంచితే లోపల గడ్డకట్టి పగిలిపోతుంది. సాయంత్రమే ట్యాంకు నింపుకుని గొట్టం చుట్టి పెట్టేయాలి.

సన్‌రైజ్ పాయింట్ నుంచి సన్‌సెట్ పాయింట్ దాకా అంచు వెంట చదునైన తారుదారి ఉంది, అర మైలు. పెద్దవాళ్లకు అదే మంచిది. ఎండ పడ్డప్పుడు ఆ స్తంభాలు లోపలి నుంచి వెలుగుతున్నట్టు నారింజ రంగులోకి తిరుగుతాయి. నేనూ మా ఆయనా బాబూ కిందికి దిగి క్వీన్స్ గార్డెన్ దారిలో నడిచి నవాహో లూప్ మీదుగా ఎక్కి వచ్చాం. ఆ మూడు గంటలూ నాన్న బండి పక్కన మడత కుర్చీలో కూర్చుని, పక్క సైటులోని ఒక ముసలాయనతో వచ్చినంత ఇంగ్లీషులో ఇంజిన్ గురించి మాట్లాడారు. ఆయనా రిటైరైన ట్రక్కు డ్రైవరేనట. భార్యతో కలిసి ఏడాదిలో చాలా భాగం ఇలాగే తిరుగుతున్నారట. క్యాంప్‌గ్రౌండ్‌లో ఇలా పలకరింపులు ఎక్కువ. బండి ముందు కుర్చీ వేసుకుంటే మాట్లాడొచ్చని అర్థం.

అయిదో రోజు: డంప్ స్టేషన్, తర్వాత పేజ్

అందరూ భయపడే పని ఈ రోజు చేశాం. పదిహేను నిమిషాల పని. బండిని డంప్ స్టేషన్ దగ్గర, అంటే మురుగు ట్యాంకులు ఖాళీ చేసే చోట, గొట్టం అందేలా నిలపాలి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవాలి. బండి కింది మూతకు లావు గొట్టం బిగించి, రెండో కొస నేలలోని రంధ్రంలో కదలకుండా పెట్టాలి. ముందు బ్లాక్ వాల్వు లాగాలి. అది పూర్తిగా పోయాక మూసి, గ్రే వాల్వు తెరవాలి. ఆ సబ్బునీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. ఈ వరస తిప్పకూడదు. తర్వాత టాయ్‌లెట్‌లో కొన్ని నీళ్లు, ట్యాంకు మందు వేసి వదిలేయాలి. మంచినీళ్లు పట్టే గొట్టం వేరే, తెల్లటిది. దాన్నీ దీన్నీ ఒకే అరలో పెట్టకూడదు. మా ఆయన వాల్వులు తీస్తే నేను గొట్టం పట్టుకున్నాను. ఒక్క చుక్క బయట పడలేదు. ఇంట్లో బాత్‌రూమ్ కడగడానికి పట్టేంత శ్రమ కూడా లేదు, దీని గురించి ఎవరూ ఆగిపోనక్కర్లేదు.

కనాబ్‌లో పెట్రోలు పోయించుకుని 89వ నంబరు రోడ్డు మీద పేజ్ చేరాం. పేజ్‌లో ఫుల్ హుకప్ సైటు తీసుకున్నాం. నీళ్లు, కరెంటు, మురుగు లైను మూడూ సైటు దగ్గరే ఉంటాయి. డ్రై క్యాంపింగ్ రాత్రుల తర్వాత ఇలాంటి చోటు ఒకటి పెట్టుకోవాలి. అందరూ తలస్నానాలు చేశారు, బట్టలు ఉతుక్కున్నాం, రైస్ కుక్కరు బయటికి తీశాం. మురుగు లైను ఉంది కదా అని బ్లాక్ వాల్వు తెరిచి వదిలేయకూడదు. నీళ్లు పోయి గట్టిది లోపల ఉండిపోతుంది. ట్యాంకు నిండాకే తెరవాలి.

సాయంత్రం గ్లెన్ కాన్యన్ డ్యామ్ దగ్గర నాన్నను కదిలించడం కష్టమైంది. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగితే దీని పని 1956లో మొదలైంది. సాగర్ ఎత్తు 124 మీటర్లు, రాతి కట్టడం. ఇది 216 మీటర్ల కాంక్రీటు వంపు. దీని వెనకున్న పావెల్ సరస్సులో నీళ్లు తగ్గి, ఎర్ర కొండల మీద పాత నీటిమట్టం తెల్లటి పట్టీగా మిగిలింది. మాచర్ల మనిషికి ఆ పట్టీ చూడగానే అర్థమవుతుంది. "సాగర్‌లో నీళ్లు అడుగంటిన ఏడు కూడా కొండల మీద ఇట్టాగే గీత పడేది" అని ఆ వేసవుల్లో పొలాల సంగతి చాలాసేపు చెప్పారు.

ఆరో రోజు: పేజ్

సన్నటి రాతి సందులాంటి ఆంటిలోప్ కాన్యన్ నవాహో నేషన్ భూమిలో, అంటే నవాహో ఆదివాసుల సొంత పాలన ఉన్న ప్రాంతంలో ఉంది. వాళ్ల గైడ్‌తో తప్ప లోపలికి వెళ్లకూడదు. 1997 ఆగస్టులో ఎక్కడో దూరాన పడిన వాన వరదై వచ్చి దిగువ కాన్యన్‌లో 11 మంది చనిపోయారు. ఇప్పుడు వాతావరణం చూసి టూర్లు ఆపేస్తారు. దిగువ దాంట్లో నిచ్చెన మెట్లుంటాయి కనుక పెద్దవాళ్లతో ఎగువ దానికే వెళ్లాం. టైము జాగ్రత్త. అరిజోనాలో గడియారం మార్చరు, నవాహో నేషన్‌లో మారుస్తారు, ఫోన్ ఏ టవర్ పట్టుకుంటే ఆ టైము చూపిస్తుంది. టూర్ వాళ్లు ఏ టైము లెక్కలో చెప్పారో అడిగి రాసుకోవాలి.

మధ్యాహ్నం నుంచి గాలి లేచింది. ఇక్కడ వసంతంలో గాలులు ఎక్కువ. ఎత్తైన బండిని అడ్డంగా వచ్చే గాలి పక్క లేనులోకి తోసేస్తుంది. కొలరాడో నది గుర్రపు నాడాలా వంపు తిరిగే హార్స్‌షూ బెండ్ చూడటం మర్నాటికి వాయిదా వేసి, బండి పక్కన నీడకు తెరిచే గుడ్డను మడిచేసి లోపల కూర్చున్నాం. గాలి రోజున ఆ గుడ్డ తెరిచి పెడితే చట్రంతో సహా విరిగిపోతుంది.

ఏడో రోజు: గ్రాండ్ కాన్యన్‌కి

పొద్దున్నే గాలి లేనప్పుడు హార్స్‌షూ బెండ్ చూశాం. పార్కింగ్ పేజ్ పట్టణం వాళ్లది, మా 80 డాలర్ల నేషనల్ పార్కుల వార్షిక పాస్ అక్కడ పనిచేయదు.

పేజ్ నుంచి దక్షిణంగా పోతే కొండ అంచును కోసి వేసిన దిగుడు దారి ఒకటుంది. 2013 ఫిబ్రవరిలో అక్కడ రోడ్డే కుంగిపోయింది, బాగుచేసి 2015లో మళ్లీ తెరిచారు. స్టీరింగ్ నా చేతిలో ఉంది. దిగుడు మొదలవకముందే నాన్న గేరు తగ్గించమన్నారు. "ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీద కాలు ఉంచితే కింద మలుపు దగ్గరికొచ్చేసరికి బ్రేకు ఉండదు." దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌లో ముప్ఫయ్యేళ్లు బస్సు దింపిన మనిషి మాట అది. మా బండిలో టో-హాల్ అనే బటన్ ఉంది, నొక్కితే ఇంజినే వేగాన్ని పట్టుకుంటుంది. దాంతో బ్రేకు అప్పుడప్పుడూ తాకించి వదిలేస్తూ కిందికి దిగాం. కింద చదునుకు వచ్చాక, "ఇంక నువ్వు ఏ బండైనా దించుతావు" అన్నారు. చిన్నప్పుడు ఆయన బస్సులో ముందు సీటు కోసం తమ్ముడితో కొట్లాడినదాన్ని, ఆ మాటకు నాకెంత సంబరమేసిందో చెప్పలేను.

క్యామెరన్ అనే ఊరి దగ్గర కుడికి తిరిగి, డెజర్ట్ వ్యూ వైపు నుంచి పార్కులోకి ప్రవేశించాం. ఆర్కిటెక్ట్ మేరీ కోల్టర్ రూపొందించిన 1932 నాటి రాతి బురుజు అక్కడుంది. అక్కడే మొదటిసారి గ్రాండ్ కాన్యన్ కనపడింది. అమ్మ అంచు కమ్మీ పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా చాలాసేపు నిలబడింది.

ఎనిమిదో రోజు: గ్రాండ్ కాన్యన్

సౌత్ రిమ్‌లో, అంటే కాన్యన్ దక్షిణపు అంచున, ట్రెయిలర్ విలేజ్ అనే క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం. ఫుల్ హుకప్‌లు ఉన్న చోటు ఇదే. పక్కనున్న మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో అవి ఉండవు, 30 అడుగులు దాటిన బండి పట్టదు. షటిల్ బస్సు దగ్గర్లోనే ఆగుతుంది. పొద్దున తలుపు తీస్తే ఎదురుగా ఎల్క్ దుప్పులు మేస్తున్నాయి. దగ్గరికి పోకూడదు, ముఖ్యంగా పిల్లలతో.

277 మైళ్ల పొడవు, మైలు లోతు అని చదివినవేవీ ఆ అంచున నిలబడ్డప్పుడు గుర్తు రావు. హెర్మిట్ రోడ్ షటిల్ ఎక్కి, స్టాపుకో చోట దిగి చూసుకుంటూ సూర్యాస్తమయానికి హోపీ పాయింట్ చేరాం. ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర మాతోనే ఉన్నాయి.

తొమ్మిదో రోజు, ఆ మర్నాడు: తిరుగు దారి

విలియమ్స్, కింగ్‌మన్ మీదుగా నెవాడా వైపు తిరిగాం. హైవే ప్రయాణం, చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక డ్యామ్ చూశాక రెండోది వదులుతారా నాన్న, 1936లో పూర్తయిన హూవర్ డ్యామ్ దగ్గరా ఆగాం. ఆర్‌వీలను చెక్‌పోస్టులో ఆపి లోపల చూసి పంపుతారు. రాత్రికి లేక్ మీడ్ ఒడ్డున ఉండి, పొద్దున్నే రెండు మురుగు ట్యాంకులూ ఖాళీ చేసి, పెట్రోలు నింపి, లోపల ఊడ్చి తుడిచి బండి అప్పజెప్పాం. ట్యాంకులు ఖాళీ చేయకుండా ఇస్తే విడిగా డబ్బు పట్టుకుంటారు. చివరి రాత్రి బండి ఇచ్చే ఊరికి దగ్గర్లో ఉండటం మంచిది.

ఖర్చు చూసుకుంటే ఇది చవక కాదు. అద్దె, మైళ్ల లెక్క, పెట్రోలు కలిపితే కారూ మామూలు హోటళ్లతో సమానమవుతుంది, ఒక్కోసారి మించుతుంది. ఇద్దరే అయితే వద్దంటాను. అయిదుగురికి, పెద్దవాళ్లూ పిల్లలూ ఉంటే, బయట తిండి ఖర్చు కూడా లెక్కవేస్తే ఖాయంగా విలువైనదే. 2026 నుంచి ఈ పార్కుల్లో విదేశీ సందర్శకులకు ప్రవేశ రుసుములు పెంచారు కనుక ఇండియా నుంచి వచ్చినవాళ్లకు ఎంత పడుతుందో బయల్దేరకముందే పార్కుల వెబ్‌సైట్‌లో చూసుకోండి. ముందు క్యాంప్‌గ్రౌండ్ సైట్లు దొరకబుచ్చుకుని, ఆ తేదీలకు తగ్గట్టు బండి బుక్ చేయండి. వీలైనంతవరకు రోజుకు 150 మైళ్లు దాటకుండా దారి వేసుకోండి. బండి తీసుకునేటప్పుడు లోపలి టైర్లలో గాలి కూడా కొలిపించండి.

ఈసారి ఎల్లోస్టోన్ అని అమ్మ అప్పుడే చెప్పేసింది. అక్కడ ఫుల్ హుకప్ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కు. బుకింగ్ ఎప్పుడు తెరుస్తారో మా ఆయన చూస్తున్నారు.